మామయ్య జిగ్‌సా పజిళ్లకు చెక్క పలక చేయించాలె: ఏ ప్లై, ఎంత సైజు, పైన ఏం అతికించాలె?

హన్మకొండ కోడలు:

జిగ్‌సా పజిళ్లు పేర్చుకునేటందుకు ఇంట్ల ఎవరన్న ప్రత్యేకంగ చెక్క పలక గానీ టేబుల్ గానీ చేయించుకున్నరా? కొలతలు, ఏ ప్లై వాడాలె, పైన ఏం వేయాలె, తెలిసినోళ్లు చెప్పండి. ఆన్‌లైన్ల రెడీమేడ్ బోర్డులు చూసిన. సగం మా పజిల్ కంటే చిన్నవి, మిగిలిన సగం మా బడ్జెట్ కంటే పెద్దవి.

పజిళ్లు పేర్చేది మా మామయ్య. కాజీపేట లోకో షెడ్డుల పనిచేసి రిటైరైన్రు, 70 దాటినయి. మా మరిది డల్లాస్ నుంచి వచ్చినప్పుడల్లా డబ్బాలు తెస్తడు. మొదట్ల 500 ముక్కలవి తెచ్చేది, ఇప్పుడు 1000కి తక్కువైతే మామయ్య కంటికి ఆనుతలేవు. ప్రస్తుతం నడుస్తున్నది స్విట్జర్లాండ్ కొండల మధ్య ఎర్ర రైలు. రైలు, వంతెన ఎప్పుడో అయిపోయినయి. ఆకాశం మిగిలింది. మొత్తం ఒకటే నీలం, ముక్కకు ముక్కకు తేడా తెలుస్తలేదు. ఆ లెక్కన అది దసరా దాక డైనింగ్ టేబుల్ మీదనే ఉండేటట్టున్నది.

టేబుల్ పైన అద్దం. ముక్కలు జారుతయి, పైన ట్యూబులైటు అండ్ల మెరుస్తది. చుట్టాలొస్తే కింద చాప పరిచి వడ్డిస్తున్నం. అత్తమ్మ అడిగేది ఒక్కటే మాట: "ఈ టేబుల్ తినేటందుకు కొన్నమా, రైలు నడిపేటందుకు కొన్నమా?"

తీసి దివాన్ మీద పెడదామంటే పజిల్ కింద చార్టు అట్ట దోపి నేనూ మా ఆయన చెరో దిక్కు పట్టుకుంటం. మధ్యల వంగుతది, పేర్చిందంత నడిమిట్ల పలుగుతది. మామయ్య ఏమనరు. లేచి టీవీ పెట్టుకుంటరు. తిట్టినా బాగుండు అనిపిస్తది.

నాకు కావలసింది ఏందంటే, టేబుల్ మీదికెల్లి దివాన్ మీదికి నేనొక్కదాన్నే మోయగలగాలె. మామయ్యకు మెడ నొప్పి, వెనక దిక్కు కొంచెం పైకి లేస్తే మంచిది. మూడేండ్ల కొడుకున్నడు, వాని చేతికి అందకుండ మూత ఉండాలె. ఖర్చు నాలుగు వేలు దాటొద్దని అనుకుంటున్న.

పరకాల దగ్గర మా ఊర్ల పాత ఇల్లు విప్పినప్పుడు టేకు తలుపు చెక్కలు దాచి పెట్టినం. అవి పనికొస్తయా? ఇక్కడ ఒక వడ్లాయనను అడిగితే 18 ఎంఎం ప్లై, ఇనుప కాళ్లు, పైన మెరిసే సన్మైకా అన్నడు. నా మనసుకు పడ్తలేదు.

క్యారమ్స్ కాజీపేట:

ఇంట్ల క్యారమ్ బోర్డు లేదా అక్కా? పిల్లలు ఫోన్ల పడ్డంక మాది బీరువ వెనక దుమ్ము పట్టింది. మా చెల్లె దాని మీదనే 1000 ముక్కలది పేర్చింది. చుట్టు ఫ్రేము ఉంటది, ఏదీ కింద పడది. రూపాయి ఖర్చు లేదు. కాకపోతే నాలుగు మూలల బొక్కలు అట్టతోని మూయండి. లేకుంటే ముక్క పాకెట్ల పడ్డది తెల్వక, పజిల్ అయిపోవచ్చినంక ఇంటిల్లిపాది సోఫాలు జరిపి దేవులాడుతరు. మా ఇంట్ల దేవులాడినం.

రంద పట్టినోడు:

అక్కా, ముందు ఆ కాళ్ల ముచ్చట పక్కకు పెట్టండి. మీ ఇంట్ల టేబుల్ ఉన్నది, దివాన్ ఉన్నది. లేనిది పలక. ఇనుప కాళ్లు బిగించినమంటే అది ఒక్క జాగ పట్టుకుని కూసుంటది, అత్తమ్మకు తిట్టేటందుకు రెండో టేబుల్ దొరుకుతది. మాది హుజూరాబాద్ దిక్కు, వడ్లోళ్లం. నేను హన్మకొండల మాడ్యులర్ కిచెన్లు చేసే వర్క్‌షాపుల ఉంట. పజిల్ పలకలు కూడ చేసిచ్చిన కాబట్టి చెప్తున్న.

సైజు సంగతి ముందు. డబ్బా మీద రాసి ఉంటది చూడండి. 1000 ముక్కలది ఎక్కువగా 70 బై 50 సెంటీమీటర్లు, 1500ది 80 బై 60, 2000ది దగ్గరదగ్గర 98 బై 75. అందరు పెద్ద నంబరు చూసి పలకను 2000కు కొట్టిస్తరు. మీరు పజిల్‌ను కాదు, మామయ్యగారి చేతిని కొలవండి. కుర్చీల కూసొని, వీపు వంచకుండ, చెయ్యి చాపితే టేబుల్ అంచు నుంచి వేలి కొస ఎంత దూరం పోతది? చాలామందికి 24, 26 అంగుళాల దగ్గర ఆగిపోతది. పలక లోతు 32 అంగుళాలు పెట్టినమనుకోండి, బొమ్మల పైన ఉండేది ఆకాశమే, అది పేర్చాలంటే ముక్క ముక్కకు లేచి వంగాలె. ఇప్పుడు మెడే పోయింది, అప్పుడు నడుము కూడ పోతది.

అందుకని లోపలి కొలత 36 బై 26 అంగుళాలు పెట్టండి. 1000ది పెట్టినంక పక్కన 8 అంగుళాల ఖాళీ ఉంటది, విడి ముక్కలు అక్కడ పరుచుకోవచ్చు. 1500ది కూడ పడ్తది, కానీ ఇరుకుగ. 2000ది పట్టది. పట్టకపోవుడే మంచిది.

ఇగ మందం. ప్లై ఘనపు మీటరుకు 600 నుంచి 700 కిలోలు తూగుతది. 36 బై 26 అంటే 0.6 చదరపు మీటరు. 18 ఎంఎం వేస్తే ఒట్టి పలకే ఏడు కిలోలు, మైకా, అంచులు కలిస్తే తొమ్మిది దాటుతది. అది పట్టుకొని, మీద వెయ్యి ముక్కలు కదలకుండ, మీరొక్కరు దివాన్ దాక నడవాలె. 9 ఎంఎం వేసుకోండి, పలక మూడున్నర కిలోలకు దిగుతది. 9 ఎంఎం ఒక్కటే అయితే మధ్యల వంగుతది, అందుకని అడుగున పొడుగూత రెండు టేకు పట్టీలు కొట్టాలె. అంత కలిపి ఐదారు కిలోలు. షాపుల 8 బై 4 షీటు మొత్తం కొనకండి, దాంట్ల ఐదో వంతు చాలు మీకు. మా అసోంటి వర్క్‌షాపులల్ల వార్డ్‌రోబ్ వెనక పలకలు కొయ్యంగ మిగిలిన ముక్కలు మూలకు పడి ఉంటయి, అడిగితే ఇస్తరు. వాటర్‌ప్రూఫ్, 710 మార్కు అని ఎవరన్న అంటే వద్దనండి. అది సింకు కిందికి. మీకు మామూలు 303 మార్కుది సరిపోతది.

ముక్క తీసుకునేటప్పుడు ఒక కన్ను మూసి అంచు వెంబడి చూడండి, ముందు పొడుగు దిక్కు, తర్వాత మూల నుంచి మూలకు. వంకర ఉంటే అక్కడనే తెలుస్తది. తర్వాత వేలి గుండుతోని పలకంత తట్టుకుంట పోండి. ఒక్క జాగల డొల్ల మోగిందంటే లోపలి పొరల సందున్నది, అది పక్కకు పెట్టండి. కిచెన్ల అది నడుస్తది. మీకు పలక బల్లపరుపు ఉండుడే ముఖ్యం.

ఆ వడ్లాయన చెప్పిన సన్మైకా విషయంల, మెరుపు ఎట్లాగు వద్దు. దానికంటే ముఖ్యమైంది ఇంకోటున్నది. మైకా పైన ఒక్క దిక్కే అతికిస్తరు, డబ్బులు మిగులుతయని. వానాకాలం కింది మొహం తేమ పీలుస్తది, పై మొహానికి మైకా అడ్డమున్నది కాబట్టి పీల్చది. ఒక దిక్కు ఉబ్బి, ఒక దిక్కు ఉబ్బకపోతే పలక గిన్నె లెక్క పైకి లేస్తది. కిచెన్ల మేం దాన్ని గోడకు, డబ్బాకు బిగిస్తం, అందుకని కనపడది. విడి పలకను బిగించేటందుకు ఏం లేదు కద. మైకా వేస్తే రెండు దిక్కుల వేయాలె. కింద దానికి తక్కువ రేటుది, పల్చటిది నడుస్తది.

నన్నడిగితే మైకా కంటే గుడ్డ మేలు. మెడ కోసం వెనక లేపుదామంటున్నరు, నున్నటి మైకా మీద లేపితే పేర్చిందంత ముందుకు జారుతది. దట్టంగ, పల్చగ ఉండే ఫెల్ట్ గుడ్డ తెచ్చుకోండి. మఖ్మల్ వద్దు, దాని నూగుల ముక్క తేలుతది, పక్క ముక్కతోని కలవది. తెల్ల ఫెవికాల్ పూస్తే గుడ్డల నుంచి పైకి ఊరి గట్టిపడ్తది, చేతికి గరుకు గరుకు తగులుతది. చెప్పుల పనికి, మైకా పనికి వాడే రబ్బరు గమ్ తీసుకొని పలకకు, గుడ్డకు పల్చగ పూయండి. వేలు పెడితే అంటనంత వరకు ఆగండి. అప్పుడు నడుమ నుంచి అంచులకు అరచేత్తోని తోసుకుంట పోండి. గుడ్డ కొసలు అంచు పట్టీ కిందికి పోవాలె, పట్టీ దాని మీద కూసోవాలె. లేకుంటే నెల తిరక్కముందే మీ చిన్నోడు కొస పట్టి లాగుతడు.

అంచు పట్టీకి మీ టేకు తలుపు అక్కరకొస్తది. మొత్తం పలకనే టేకుతోని చేయిస్తమని అనుకోకండి. 26 అంగుళాల వెడల్పు చెక్క ఒక్కటి దొరకది, మూడు నాలుగు అతకాలె, అతుకులు వానకాలం ఒకతీరు, ఎండకాలం ఒకతీరు ఉంటయి. బరువు సరేసరి. తలుపును చీరిపించి పట్టీలు తీయించండి, అంచులకు, అడుగు పట్టీలకు అండ్లనే వస్తది. పాత చెక్కల లోపల మొలలు ఇరిగి ఉంటయి, పైకి కనపడవు. సామిల్లోళ్లు బ్లేడు పోతదని పాత కట్టె అంటేనే మొహం తిప్పుకుంటరు. పాత స్పీకర్ల అయస్కాంతం తీసి దారానికి కట్టి చెక్క మీద మెల్లగ జరపండి. మొల ఉన్నకాడ దారం పక్కకు గుంజుతది. అక్కడ సుద్దతోని గుర్తు పెట్టి, మొలలు పీకినంకనే తీసుకపోండి.

క్యారమ్ బోర్డు తమ్ముడు చెప్పింది తీసిపారేసేది కాదు. కానీ ఆ బోర్డు లోపల 74 సెంటీమీటర్ల చదరం, దాంట్ల 70 బై 50 పజిల్ పెడితే చెయ్యి ఆడది. ఫ్రేము కూడ స్ట్రైకరు కొట్టి వెనకకు రావాలని అంత ఎత్తు పెడ్తరు, దగ్గరదగ్గర రెండు సెంటీమీటర్లు. రోజూ గంటలు గంటలు కూసునేటాయనకు మణికట్టు దాని మీదనే ఆనుతది, ఎర్రగ చార పడ్తది. మీ పట్టీ గుడ్డ మీదికెల్లి 6 ఎంఎం లేస్తే చాలు. పజిల్ ముక్క మందమే 2 ఎంఎం, ఒకదాని మీద ఒకటి ఎక్కినా దాటి పోదు. ముందు దిక్కు పట్టీని మాత్రం రంద పట్టించి గుండ్రం చేయించి, గరుకు కాగితం బాగ కొట్టించండి. మామయ్య చెయ్యి తగిలేది అదే. పైసలు ఎక్కడన్న తగ్గించండి, అక్కడ తగ్గించకండి.

మూత 4 ఎంఎం ప్లై, అదే సైజు. పట్టీ 6, ముక్క 2 పోను లోపల 4 ఎంఎం సందు మిగులుతది. మోసేటప్పుడు ముక్కలు ఆ సందుల ఎగురుతయి. టీవీ డబ్బాలల్ల వచ్చే తెల్ల పల్చటి ఫోము షీటు మూత లోపలికి అతికించండి, ముక్కలను మెత్తగ ఒత్తి పట్టుకుంటది. పైన రెండు బెల్టులు.

వెనక లేపేటందుకు అడుగు పట్టీల వెనకదానికి రెండు ఖబ్జాలు పెట్టి, నాలుగున్నర అంగుళాల చెక్క ఒకటి మడిచేటట్టు బిగిస్తే సరి. తెరిస్తే 10 డిగ్రీలు లేస్తది, మూస్తే అడుగుకు అంటుకుంటది. మీది అద్దం టేబుల్ కాబట్టి ముందు అంచు కింద సైకిల్ ట్యూబు ముక్క అతికించండి, జారదు.

కరీంనగర్ సోషల్ టీచర్:

రంద అన్న చెప్పినవన్నీ బాగున్నాయి, గుడ్డ ఒక్కటి తప్ప. ఆయన పలకలు చేస్తాడు, నేను పజిళ్లు పేరుస్తాను. తేడా అక్కడే వస్తుంది. పజిల్ ఎప్పుడూ ఒకే చోట పెరగదు అక్కా. రైలు ఒక మూల, ఇల్లు ఒక మూల, చెట్టు ఒక మూల తయారవుతాయి. తర్వాత నలభై ముక్కల గుంపును మొత్తం జరిపి పెద్ద బొమ్మకు కలపాలి. గుడ్డ మీద ఆ గుంపు జరగదు, ముందు వరస మడతపడి విడిపోతుంది. మెరుపు లేని మాట్ మైకా మీదైతే రెండు అరచేతులతో అలా తోసేయవచ్చు. గుడ్డ పీచు కూడా ముక్కల సందుల్లో ఇరుక్కుంటుంది, దాన్ని పిన్నుతో తీయడం ఇంకో పని.

రంగు గురించి ఎవరూ చెప్పలేదు. తెలుపు వద్దు, మబ్బుల ముక్కలు కనపడవు. నలుపు వద్దు, నీడలో ఉన్న ముక్కలు కనపడవు. ముదురు ఆకుపచ్చ చూడటానికి బాగుంటుంది కానీ అడవుల పజిల్ వస్తే అంతే సంగతులు. లేత బూడిద రంగు వేయించండి. దీపం నెత్తి మీద కాకుండా ఎడమ పక్క నుంచి రావాలి, మామయ్యగారిది కుడి చేతివాటం అయితే. ముక్కల మీద కూడా మెరుపు ఉంటుంది, నెత్తి మీద ట్యూబులైటు ఉంటే పలక ఎంత మాట్ అయినా లాభం లేదు.

ఇక ఆ నీలి ఆకాశం. రంగు చూసి వెతకడం ఆపేసి ఆకారం చూసి వేరు చేయమనండి. మామూలు ముక్కకు నాలుగు వైపులు, ఒక్కో వైపు బుడిపె గానీ గుంట గానీ. లెక్క వేస్తే ఆరు రకాలే వస్తాయి: నాలుగూ బుడిపెలే, మూడు, ఎదురెదురుగా రెండు, పక్కపక్కన రెండు, ఒకటి, అసలు లేనిది. ఆరు మిఠాయి డబ్బా మూతలు తీసుకుని ఒక్కో రకం ఒక్కో దాంట్లో వేయండి. ఏ ఖాళీకి ఏ మూతలో చేయి పెట్టాలో తెలిసిపోతుంది. కాజు కత్లీ కిలో డబ్బా మూతలు సరిగ్గా సరిపోతాయి, లోతు తక్కువ, అంచు ఉంటుంది. మా ఇంట్లో కాజు కత్లీ కొనేది దాని కోసమే అని మా వారు అంటారు, పూర్తిగా అబద్ధం కాదు.

సోషల్ చెప్తాను కాబట్టి ఒక్క ముక్క: ఈ పజిళ్లు మొదట్లో అట్టవి కావు. 1760లలో లండన్‌లో జాన్ స్పిల్స్‌బరీ అనే ఆయన మ్యాపును చెక్క పలక మీద అతికించి, దేశాల సరిహద్దుల వెంట రంపంతో కోసి, పిల్లలకు భూగోళం నేర్పడానికి అమ్మాడు. ఇప్పటివి అట్టవి కాబట్టే మూత సంగతి గట్టిగా చెప్తున్నాను. జులై, ఆగస్టుల్లో రాత్రంతా తెరిచి పెడితే ముక్కలు తేమకు ఉబ్బి ఒకదాంట్లో ఒకటి బిగుసుకుంటాయి, విడదీస్తే బుడిపె మీద బొమ్మ కాగితం లేస్తుంది.

వేయి స్తంభాల పక్క గల్లీ:

మీ మామయ్యకు చెప్పండి, మన హన్మకొండల అంతకంటే పెద్ద పజిల్ అయింది. వేయి స్తంభాల గుడి కల్యాణ మండపం 2006ల విప్పుడు మొదలుపెట్టిన్రు, రాళ్లకు నంబర్లు వేసి పక్కకు పెట్టిన్రు. మళ్ల నిలబెట్టి తెరిచింది 2024 మార్చిల, శివరాత్రి నాడు. ఆ రాళ్లు అట్ల పడి ఉన్నప్పుడు మేం వాటి మధ్య దొంగాట ఆడినం. ఆకాశం ముక్కలు ఆలస్యమైతున్నయని ఆయన బాధపడొద్దు.

పలక ముచ్చట నాకు తెల్వది. కొత్తవాడ జంపఖానా ఒకటి పరిచి దాని మీద పేర్చుకోవచ్చు కద, చుట్టి పక్కకు పెట్టొచ్చు అనుకున్న, అంతే.

కరీంనగర్ సోషల్ టీచర్:

జంపఖానా నేత గట్లు గట్లుగా ఉంటుంది తమ్ముడూ, ముక్క సమానంగా కూర్చోదు. చుట్టి పెట్టుకునే ఫెల్ట్ చాపలు వస్తాయి, గాలి ట్యూబుకు చుట్టాలి. చుట్టిన ప్రతిసారీ కొన్ని ముక్కలు విడిపోతాయి. మామయ్యగారు టీవీ పెట్టుకునే రకం అంటున్నారు కాబట్టి అది వద్దు.

హన్మకొండ కోడలు:

అందరికీ థాంక్స్. మామయ్య చెయ్యి కొలిచిన, 25 అంగుళాలు వచ్చింది. ఎందుకు కొలుస్తున్నవని అడిగిన్రు. కొత్త చొక్కా అనుకున్నరేమో, పలక అని చెప్తే ఇంకా సంతోషపడి స్కేలు, పెన్సిలు తెచ్చుకొని గీయుడు మొదలుపెట్టిన్రు. ఆయన గీసినదాంట్ల రెండు కొత్తవి ఉన్నయి. ఒకటి, పలక కింద నాలుగు చిన్న డ్రాలు, రంగుల వారీగ ముక్కలు వేసుకునేటందుకు. రెండు, హోటళ్లల్ల డైనింగ్ టేబుల్ మీద తిరిగే పళ్లెం ఉంటది కద, ఆ తీరుగ పలక తిరగాలెనట. ఇంజిన్లు తిప్పే టర్న్‌టేబుల్ పక్కన పనిచేసిన మనిషి, ఆయనకు అది వద్దని చెప్పుడు నాతోని కాదు. గుడ్డనా, మైకానా అన్నది కూడ మీరిద్దరు ఒక మాట మీదికి రండి.

రంద పట్టినోడు:

టీచరమ్మ చెప్పిన గుంపు జరిపే సంగతి నిజమే, అది పేర్చేటోళ్లకే తెలుస్తది. అయితే ఇట్ల చేయండి. రెండు దిక్కుల మాట్ మైకా, పైన లేత బూడిద రంగుది వేయించండి. ఫెల్ట్ గుడ్డ అతికించకుండ 36 బై 26 కోసి ఊరికె పరిచి చూడండి. మామయ్యకు ఏది నచ్చితే అది. మైకా మీద గుడ్డ ఎప్పుడన్న అతికించుకోవచ్చు, అతికించిన గుడ్డను పీకితే గమ్ మరకలు పోవు. మైకా మీదనే ఉంచితే వెనక లేపుడు కొంచెం తగ్గించండి, చెక్క మూడు అంగుళాలకు కోయండి. పేర్చిందాని అడుగు వరస ముందు పట్టీకి ఆనించి మొదలుపెడితే జారేటందుకు జాగనే ఉండది.

డ్రాలు పెట్టొచ్చు, కానీ డ్రా జారేటందుకు బిగించే ఇనుప ఛానల్ వేయకండి. మామూలు టెలిస్కోపిక్ ఛానల్ ఎత్తే 45 ఎంఎం. నాలుగు డ్రాల కోసం మొత్తం పలక రెండంగుళాలు లేస్తది, మామయ్య మోచేతులు పైకి వస్తయి, భుజాలు నొస్తయి. టేకు పట్టీల మధ్య అడుగుకు 4 ఎంఎం ప్లై పెట్టి, లోపల రెండు సెంటీమీటర్ల లోతు ఉండే పల్చటి ట్రేలు చేయించండి. జారే పట్టీకి కొవ్వొత్తి రుద్దితే ఏండ్లకేండ్లు నడుస్తది, మా నాయిన చేసిన సందూకల అట్లనే ఉండె. నాలుగు వద్దు, రెండు చాలు, కుడికి ఒకటి, ఎడమకు ఒకటి. బరువు కిలో పైననే పెరుగుతది, మోసేముందు ట్రేలు గుంజి తీసి పెట్టండి. మిఠాయి డబ్బా మూతలతోని పని నడిస్తే అది కూడ అవసరం లేదు.

తిరిగే బేరింగ్ విషయంల మామయ్యకు మీరు చెప్పకండి, నేను చెప్పిన అని చెప్పండి. బేరింగ్ దొరుకుతది, పెట్టుడు కూడ అలకనే. కానీ వెనక లేపిన పలకను తిప్పితే ఎత్తు దిక్కు మామయ్య ముందుకు వస్తది. లేపుడన్న ఉండాలె, తిరుగుడన్న ఉండాలె. మెడ నొప్పి అన్నరు కాబట్టి లేపుడే ఉంచండి. 25 అంగుళాల చెయ్యికి 26 అంగుళాల పలక, మీద లేచి ఉంటది, అందనిది ఏం ఉండది.

హన్మకొండ కోడలు:

చెప్పిన. "రెండు కలిపి చేసేటోడు లేడా" అన్నరు, తర్వాత ఒప్పుకున్నరు. తలుపు చెక్కల మీద అయస్కాంతం జరిపితే గొళ్లెం ఉన్న దిక్కే ఐదారు చోట్ల గుంజింది, మా ఆయన సుద్ద గుర్తులు పెట్టిండు. ఈ ఆదివారం మొలలు పీకుడు.

ఒక్కటి మర్చిపోయిన. మూత ఎత్తేటందుకు పిడి పెట్టాల్నా, చెయ్యి పట్టేటట్టు నడుమ బొక్క కోయించాల్నా?

రంద పట్టినోడు:

బొక్క వద్దే వద్దు. మీ చిన్నోడు అండ్ల వేలు పెట్టి ముక్క గుంజుతడు, అది ఆకాశం ముక్కనే అయితది. పిడి పెడితే మూత మీద ఇంకోటి పెట్టరాదు, దివాన్ కిందికి కూడ పోదు. అటొకటి ఇటొకటి అంచుకు గుడ్డ పట్టీ మడిచి రెండు చిన్న మొలలు కొట్టండి. పాత స్కూలు బ్యాగు పట్టీ అయితే గట్టిగుంటది.